జ్వరం కూడా ఉందేమో

ఆ కొండవాలు మీది వెనిల్లా తోటలో పూలకి పెళ్ళిళ్ళు చేసే మనిషి పేరమ్మ. అసలు పేరు ఇంకేదో ఉంది గానీ అది గుర్తింపు కార్డు మీద తప్ప ఎక్కడా వినబడదు. వెనిల్లా తీగ పూలైతే పూస్తుంది, కాయలు మాత్రం వాటంతటవి కాయవు. పువ్వు లోపల ఆడభాగానికీ మగభాగానికీ మధ్య పల్చటి పొర ఒకటి అడ్డుంటుంది. సన్నటి పుల్లతో ఆ పొరని పైకెత్తి, బొటనవేలితో పుప్పొడిని మెల్లగా అవతలికి నొక్కాలి. అదీ పొద్దున్నే చెయ్యాలి. మధ్యాహ్నానికల్లా పువ్వు వాడిపోతుంది. పెళ్ళి జరిగిన పువ్వు వాడినా కాడని వదలదు. జరగనిది మర్నాటికి రాలి నేలమీద ఉంటుంది. ఏడాదికి రెండు నెలలు పూలకాలం, ఆ రెండు నెలలూ ఇదే పని. పేరమ్మ చెయ్యి పడ్డ పూలు నూటికి తొంభై నిలిచేవి. ఎవరో వేళాకోళానికి "పెళ్ళిళ్ళ పేరమ్మ" అన్నారు, అదే ఖాయమైపోయింది.

తోట యజమానిని అందరూ తోటాయన అంటారు. పేరమ్మ మాత్రం "బుజ్జీ" అంటుంది. ఆయనకి యాభై ఒకటి నిండినా, జుట్టు సగం నెరిసినా, పనివాళ్ళందరి ముందూ "ఏరా బుజ్జీ, ఆ పాదుకి నీళ్ళు పెట్టించవా, చూస్తూ నిలబడ్డావేం" అని కసిరేది. ఏడేళ్ళప్పుడు ఆయన చేతికి పుల్లిచ్చి, వేలు పట్టుకుని మొదటి పువ్వుకి పెళ్ళి చేయించింది ఆమే. ఆయన తండ్రి పోయిన రోజున తోటలో పని ఆగకుండా చూసిందీ ఆమే.

జబ్బు ప్రపంచమంతా పాకిన ఆ ఏడాది, పూలకాలం మొదలవుతుండగా రోడ్లు మూసేశారు. రేవుల్లో ఓడలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. కిందటేడాది కాయ అంతా తోటాయన ఇంట్లో నడిమి గదిలోనే ఉంది. వేడినీళ్ళలో ముంచి, దుప్పట్లలో చుట్టి చెమట పట్టించి, ఎండలో పెట్టి, నెలల తరబడి నీడన ఆరబెట్టి, నల్లగా మెత్తగా అయిన కాయల్ని మైనం కాగితంలో చుట్టి పదకొండు చెక్కపెట్టెల్లో సర్దారు. ఆ పెట్టెలు కదిలే దారి లేదు. ఊళ్ళకి ఊళ్ళే తలుపులు బిగించుకుని కూర్చుంటే ఇక ఐస్‌క్రీములు ఎవరు తింటారు, కేకులు ఎవరు కోస్తారు? వాన తేమకి పెట్టెలో ఒక్క కాయ బూజు పట్టినా పక్కవాటికి అంటుకుంటుంది. ఇంటిల్లిపాదీ రెండు రోజులకోసారి పెట్టెలు విప్పి, కాయలకి గాలి తగిలించి, మళ్ళీ మూసేవారు.

అప్పుడు సరుకు కొనే ఏజెంటు ఫోన్ చేశాడు.

"దారులు తెరిస్తే ముందు ఎవరి సరుకు ఎత్తాలో కంపెనీ పెద్దవాళ్ళు చూస్తున్నారండీ. ఒక కాగితం పంపుతాను. ఈ కాలంలో మీ తోటలో పనిచేసినవాళ్ళెవరికీ జబ్బు రాలేదని సంతకం పెట్టాలి. అబద్ధం రాస్తే మాత్రం ఇక మీ పేరు కొట్టేస్తారు."

కాగితం ఫోన్‌లోకి వచ్చింది. తోటాయన దాన్ని ఆ వారమంతా రోజుకి పదిసార్లు తీసి చూసుకున్నాడు.

ఆ వారంలోనే ఆరోగ్య కేంద్రం నుంచి నర్సు రిజిస్టరు పట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది. లోపలికి రాలేదు, అక్కడే నిలబడి అడిగింది.

"ఇంట్లో ఎవరికైనా దగ్గు, జ్వరం?"

"లేవమ్మా."

"తోటలో పనివాళ్ళకి?"

తోటాయన తోట వైపు తిరిగి చూశాడు. వెనక తీగల మధ్య నుంచి పేరమ్మ దగ్గు వినిపిస్తూనే ఉంది. పూలకాలంలో ఆమెకి ఆ దగ్గు మామూలే. పాదుల్లో పరిచే ఎండుటాకుల పొడి ఆమెకి పడదు. ఇది ఆయనకి నలభై ఏళ్ళుగా తెలుసు. కానీ ఇంట్లో భార్యకి ఆయాసం ఉంది. ఫోన్‌లో కాగితం ఉంది. రేపు ఏదైనా అయితే?

"పెద్దావిడ ఒకామెకి దగ్గు. నాలుగు రోజులైంది," అన్నాడు.

నర్సు రాసుకుంది. "దగ్గొక్కటేనా?"

దగ్గొక్కటే అంటే ఓ సీసా మందిచ్చి వెళ్ళిపోతుంది, తన అనుమానం అనుమానంగానే మిగులుతుంది అనుకున్నాడు. రెండు రోజులు తీసుకెళ్ళి పరీక్ష చేస్తే ఏమీ లేదని తేలుతుంది, తనూ నిబ్బరంగా సంతకం పెట్టొచ్చు అనుకున్నాడు.

"జ్వరం కూడా ఉందేమో," అన్నాడు.

ఆ మాట నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందంటే, అది అబద్ధమని ఆయనకే ఆ క్షణాన తోచలేదు. తలుపు వెనక నిలబడ్డ భార్య విన్నది.

మర్నాడు పొద్దున్నే తెల్ల బండి వచ్చింది. ఒళ్ళంతా కప్పుకున్న మనుషులు ఇద్దరు దిగి తోటలోకి నడిచారు. పేరమ్మ తీగ దగ్గర పుల్ల చేత్తో పట్టుకునే ఉంది. వాళ్ళు చెప్పింది ఆమెకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఇంటి అరుగు మీదున్న తోటాయన వైపు తిరిగింది.

"బుజ్జీ, నువ్వన్నా చెప్పరా వీళ్ళకి. నాకు జ్వరమేంట్రా?"

ఆయన మాస్కు ముక్కు మీదికి సర్దుకున్నాడు. "వెళ్ళిరా పేరమ్మా. పరీక్షే కదా," అన్నాడు.

ఆమె పుల్లని జాగ్రత్తగా కొంగున కట్టుకుని బండెక్కింది. ఆ రోజే ఆమె ఉండే వరసిళ్ళ సందుకి రెండు చివర్లా తాళ్ళు కట్టేశారు. తోటలో పనిచేసే మిగతా ఏడుగురు ఆడవాళ్ళూ ఆ సందులోనే ఉంటారు. పధ్నాలుగు రోజులు ఎవరూ గడప దాటడానికి లేదు.

తోటాయనకి ఇది తట్టలేదు. ఒక్క మనిషిని చూపిస్తే ఒక్క మనిషే పోతుందనుకున్నాడు.

మరి పూలు ఆగవు కదా. మొదటి రోజు ఆయనా, భార్యా, కాలేజీ మూసేస్తే ఇంట్లోనే ఉంటున్న కూతురూ పుల్లలు పట్టుకుని దిగారు. కూతురి చేతిలో నాలుగు పూలకి మూడు చిరిగాయి. ఆయాసంతో భార్య పది తీగలకే కూలబడింది. ఆయన చెయ్యి ఒకప్పుడు నేర్చినదే, కానీ అజమాయిషీకి అలవాటు పడ్డ వేళ్ళు మొద్దుబారాయి. ఎనిమిది జతల చేతులు చేసే పని మూడు జతల చేతుల్తో ఎక్కడ తెములుతుంది? రెండో రోజు నుంచి పాదుల కింద పూలు పరుచుకోవడం మొదలైంది. వారం తిరిగేసరికి తొక్కకుండా నడవడానికి చోటు లేకపోయింది.

ఒక రోజు రాలిన పూలు చీపురుతో ఊడుస్తూ భార్య అడిగింది. "జ్వరం ఉందని మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు."

"మరి?"

ఆయన రాలిన పూలు గంపలోకి ఎత్తసాగాడు. ఆవిడ చీపురు గోడకి ఆనించి లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తి, నాలుగు తిట్టి ఉంటే కొంత తేలికపడేవాణ్ణని ఆయనకి తర్వాత చాలాసార్లు అనిపించింది.

పేరమ్మని ఉంచింది ఒక బడిలో. బెంచీలు బయట పడేసి, గదుల్లో చాపలు పరిచారు. వెళ్ళిన రోజే వేడి చూశారు, జ్వరం లేదు. అయినా రిజిస్టరులో పేరెక్కాక ఫలితం వచ్చేదాకా పంపకూడదట. ఎనిమిదో రోజున జబ్బు లేదని కాగితం వచ్చింది. కానీ పక్క చాప మీదావిడకి జబ్బు ఉందని అదే రోజు తేలింది. పదో రోజున పేరమ్మకి నిజంగానే జ్వరం వచ్చింది.

ఆ కబురు తోటాయనకి ఫోన్‌లో తెలిసింది. నడిమి గదిలో పెట్టెల మధ్య నేలమీద కూర్చుండిపోయాడు.  కూతురు వచ్చి "అన్నం పెట్టమంటావా నాన్నా" అంటే, ఆ పిల్ల ముఖంలోకి చూడలేకపోయాడు.

సందుకి కట్టిన తాళ్ళు విప్పాక ఆడవాళ్ళు మళ్ళీ పనిలోకి వచ్చారు. వచ్చినప్పటి నుంచీ వాళ్ళ మాటలన్నీ ఒక్కడి మీదే. పాలాయన.

పాలాయన సైకిలు మీద క్యాన్లు వేలాడదీసుకుని సందులో ఇంటింటికీ పాలు పోసేవాడు. బండి రావడానికి ముందు రోజు ఆయనకీ పేరమ్మకీ పెద్ద గొడవ జరిగింది. "ఇవి పాలల్లో నీళ్ళా, నీళ్ళల్లో పాలా, తేల్చి చెప్పు" అని ఆమె అడిగింది. "ముందు ఆ దగ్గు తగ్గించుకో, గిన్నె అక్కడ పెట్టి దూరంగా జరుగు" అని ఆయన అన్నాడు. అది అందరూ విన్నారు. ఇంకేం కావాలి? మర్నాడే బండి వచ్చేసరికి చెప్పింది వాడేనని తీర్పు అయిపోయింది. బడి నుంచి పేరమ్మే ఫోన్ చేసి, "వాడి దగ్గర చుక్క పాలు పోయించుకున్నారంటే నాతో మాట్లాడకండి" అని చెప్పిందట. ఆ రోజు నుంచి సందులో ఒక్క గిన్నె కూడా ఆయన కోసం బయటికి రాలేదు.

తీగల అవతల నిలబడి ఇదంతా వింటున్న తోటాయన తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనలేదు. అంతలో ఒకామె ఆయన్ని చూసింది.

"నర్సు మీ గేటు దగ్గరికి కూడా వచ్చిందిగా అయ్యగారూ. మీకేమన్నా తెలుసా, చెప్పింది వాడేనా?"

"ఎవరో ఏమో. నాకెలా తెలుస్తుంది," అన్నాడు.

మొదటి అబద్ధానికి భయం అనే సాకు ఒకటుంది. దీనికి అదీ లేదు. ఆ రోజు అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచిపోయాడు.

ఇరవై ఆరో రోజున పేరమ్మ తిరిగొచ్చింది. మూడు రోజులు ఇంట్లో పడుకుని నాలుగో రోజు తోటకి వచ్చింది. వరసిళ్ళ నుంచి గేటుకి పది నిమిషాల నడక. ఆమెకి అరగంట పట్టింది. చెంపలు లోపలికి పోయాయి. ఒక తీగ నుంచి ఇంకో తీగకి వెళ్ళడానికి చిన్న పీట ఒకటి ఈడ్చుకుంటూ, కూర్చుంటూ, లేస్తూ పని మొదలుపెట్టింది. తోటాయన కనబడగానే ఆమె అన్న మొదటి మాట,

"పూలన్నీ రాలిపోయాయటగా బుజ్జీ. పాపం, ఎంత దెబ్బ తగిలిందిరా నీకు."

ఆయన ఏదో గొణిగి అవతలికి పోయాడు. పూలు ఇంకో రెండు వారాలున్నాయి. ఆ వారంలో ఆమె ఉన్న వైపు ఆయన వెళ్ళలేదు. వెళ్ళాల్సి వస్తే చుట్టూ తిరిగి వెళ్ళాడు.

దారులు తెరుస్తున్నారని ఏజెంటు ఫోన్ చేశాడు. పెట్టెలు చూసుకుని ఉంచమన్నాడు. పూల పనిలో పడి నెలగా ఎవరూ పెట్టెలు విప్పలేదు. పెట్టెలు చూడడమంటే పేరమ్మ చూడడమే. కంటికి బూజు కనబడక ముందే ఆమె ముక్కుకి తెలిసిపోయేది. పెట్టె మూత తీసి, ఒక్కసారి వంగి, "కుడి పక్కన కింద వరసలో ఉంది, తీసెయ్" అంటే అక్కడే ఉండేది. ఇన్నేళ్ళలో ఆమె మాట తప్పింది లేదు.

నడిమి గదిలో పీట వేసి కూర్చోబెట్టి తోటాయన మొదటి పెట్టె తెరిచాడు. తీయటి వాసనతో గది నిండిపోయింది. పేరమ్మ వంగింది. కళ్ళు మూసుకుంది. ఇంకా వంగింది.

"బాగుంది," అంది.

రెండో పెట్టె. "బాగుంది."

మూడో పెట్టె మూత తీయగానే తోటాయన ముక్కుకే పుల్లటి తేమ కంపు కొట్టింది. పేరమ్మ ముఖం దాదాపు కాయలకి ఆనేటట్టు వంగి, అలాగే ఉండిపోయి, తలెత్తి నవ్వింది.

"ఇదీ బాగానే ఉంది, మూసెయ్."

ఆయన మూయలేదు. మైనం కాగితం విప్పి, బూజు పట్టిన కాయ తీసి చూపించనూ లేదు. మూత పట్టుకుని అలాగే నిలబడ్డాడు. పేరమ్మ ఆయన ముఖం చూసింది. ఆమె నవ్వు పోయింది.

"ఉందా ఇందులో?"

"ఉంది."

 ఆమె గొంతు తగ్గించి అంది. "ఏమీ తెలీట్లేదు బుజ్జీ. ఆ జ్వరం వచ్చిన దగ్గర్నుంచి కూరా తెలీదు, చారూ తెలీదు. ఇదన్నా తెలుస్తుందేమోనని వచ్చాను. నువ్వు ఎవరికీ చెప్పకురా. ముక్కు పోయిందని తెలిస్తే నన్నెవరు పిలుస్తారు? నాకు సిగ్గుగా ఉంది."

 ఎవరు పడాల్సిన సిగ్గు ఎవరు పడుతున్నారు? తోటాయన మూత కింద పెట్టి, ఆమె ఎదురుగా నేలమీద కూర్చున్నాడు.

"పేరమ్మా, నర్సుకి చెప్పింది నేనే."

ఆమెకి అందలేదు. "ఏం చెప్పావు?"

"నీకు దగ్గని."

"దగ్గుండేదిగా."

"జ్వరం కూడా ఉందేమో అన్నాను."

పెట్టెల మీది నుంచి ఆమె చూపు ఆయన మీదికి వచ్చి ఆగింది. "ఉందని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. కాగితం మీద సంతకం పెట్టాలని... ఇంట్లో ఆవిడకి ఆయాసమని... ఏదో భయం. ఊరికే అన్నాను."

"ఊరికే," అని ఆమె నెమ్మదిగా తిరిగి అంది.

తిడుతుందనుకున్నాడు. ఏడుస్తుందనుకున్నాడు. రెండూ చెయ్యలేదు. ఊపిరి కూడదీసుకుంటూ కూర్చుంది. తర్వాత, "నెల రోజులుగా ఆ పాలాయన్ని నేను అనని మాట లేదు. వాడి పిల్లల్ని కూడా తిట్టాను," అంది. గోడ పట్టుకుని లేచింది. "పదండి."

తోటాయనకి ఆ "అండి" అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. చెంప పగలగొట్టినా ఓర్చుకునేవాడేమో. "ఎక్కడికి?" అనగలిగాడు.

"పాలాయన ఇంటికి. నేనూ చెప్పాలి, మీరూ చెప్పాలి."

ఆ ఇల్లు దూరం కాదు. కానీ పేరమ్మ ప్రతి ఇరవై అడుగులకీ ఆగి ఊపిరి పీల్చుకుంది. చెయ్యి అందించబోతే వద్దంది. ఆమె ఆగినప్పుడల్లా ఆయనా రోడ్డు మీద ఆగాల్సి వచ్చింది. ఎదురొచ్చినవాళ్ళు పలకరిస్తే తలూపాడు. అంత పొడుగు దారి ఆయన జన్మలో నడవలేదు.

పాలాయన పెరట్లో క్యాన్లు తోముకుంటున్నాడు. వాళ్ళని చూసి చెయ్యి ఆపలేదు. పేరమ్మ ముందు మాట్లాడింది. "నిన్ను తప్పు పట్టాను. నీ తప్పు లేదు. ఎవరిదో ఈయన చెప్తారు."

తోటాయన చెప్పాడు. దారిలో కూర్చుకున్న మాటల్లో "పొరపాటు" అనేది ఉంది. తీరా చెప్పేటప్పుడు అది నోటికి రాలేదు. "అబద్ధం చెప్పాను. అది నీ మీద పడుతుంటే చూస్తూ ఊరుకున్నాను" అన్నాడు.

పాలాయన క్యాను బోర్లించి చేతులు తుడుచుకున్నాడు. "నెల రోజులుగా మిగిలిన పాలన్నీ దూడలే తాగాయి. బాగా బలిశాయి," అన్నాడు. అందులో నవ్వు లేదు. "నాకు చెప్పి ఏం లాభమండీ. నేను చెప్పలేదన్న సంగతి నాకు ముందే తెలుసు. తెలియంది ఆ సందులోవాళ్ళకి."

మర్నాడు పొద్దున్న, ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని సందులో కుళాయి దగ్గర నిలబడే వేళకి తోటాయన వెళ్ళాడు. నీళ్ళు పడుతున్న చప్పుడు మీదుగా రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.  విన్నాక ఎవరూ కేకలెయ్యలేదు. మొన్న తోటలో ఆయన్ని అడిగినామె ఒక్కతే, "నేను మిమ్మల్నే అడిగాను కదా," అంది.  కుళాయి కింద బిందె నిండి పొర్లుతుంటే ఎవరో కట్టేశారు. నిలబడాలో వెళ్ళిపోవాలో తెలియక ఆయన కాసేపు నిలబడి, తర్వాత వెళ్ళిపోయాడు. సందు మలుపు తిరుగుతుంటే పాలాయన సైకిలు బెల్లు వినబడింది.

ఆ రోజూ, ఆ మర్నాడూ తోటకి ఎవరూ రాలేదు. మూడో రోజు వచ్చారు. "పూలేం పాపం చేశాయే" అని పేరమ్మ పంపిందట. ఆమె మాత్రం రాలేదు. మిగిలిన కొద్దిరోజుల పూలూ వాళ్ళ చేతుల్లో నిలిచాయి. మొత్తానికి ఆ ఏడు కాపు మూడో వంతుకి దిగింది. ఏజెంటు లారీ వచ్చి ఏడు పెట్టెలు ఎత్తుకుపోయింది, బూజు పట్టిన నాలుగూ గోతిలో పూడ్చారు. సంతకం పెట్టాల్సిన కాగితం సంగతి తోటాయనే గుర్తుచేస్తే, "ఏ కాగితమండీ?" అన్నాడు ఏజెంటు. దాని సంగతి పెద్దవాళ్ళు ఎప్పుడో మర్చిపోయారట.

తోటాయన భార్యతో పేరమ్మకి మందులు పంపిస్తే పుచ్చుకుంది. ఆయనే తీసుకెళ్ళినప్పుడు కుర్చీ చూపించి, "కూర్చోండి" అంది. మంచినీళ్ళిచ్చింది. అడిగినవాటికి జవాబు చెప్పింది. అరగంట కూర్చుని వచ్చేసరికి ఆయన చొక్కా చెమటతో తడిసిపోయింది. ఆ తర్వాత ఆయన వెళ్ళలేదు.

మరుసటి ఏడు పూలకాలానికి పేరమ్మ ఊపిరి కొంత కుదుటపడింది గానీ కొండవాలు ఎక్కేంత కాదు. తోటాయన కూతురే రోజూ పొద్దున్న నాలుగు పూలగుత్తులు కోసుకుని ఆమె ఇంటికి వెళ్ళేది. గడపలో కూర్చుని, ఆ పిల్ల వేలు పట్టుకుని, ఎంత నొక్కాలో ఎక్కడ ఆపాలో పేరమ్మ నేర్పింది. పదిహేను రోజులు తిరిగేసరికి పిల్ల చేతిలో పూలు చిరగడం మానేశాయి.

"ఇవాళ ఏమంది?" అని తోటాయన రోజూ అడిగేవాడు.

"నా బొటనవేలు గోరు కత్తిరించుకోమంది."

"నా గురించి ఏమన్నా అడిగిందా?"

"లేదు నాన్నా. పూల గురించే మాట్లాడింది."

ఆయన తలూపి తన వరసలోకి వెళ్ళేవాడు. పొద్దెక్కుతోంది, ఇంకా విచ్చుకున్న పూలు చాలానే ఉన్నాయి.